ఒకే మొక్క: హైటెక్ సిటీలో సీసా, మన్యంలో సంకెళ్లు

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ. ఈ పేర్లు ఒకప్పుడు రాతి గుట్టలకూ, చెరువు కింది మడులకూ గుర్తు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత అద్దాల మేడలకు గుర్తయినవి. ఆ మేడలు కట్టిన చేతులు పాలమూరువి, శ్రీకాకుళంవి, ఒరిస్సావి, బీహారువి. లోపల కూర్చునే ఉద్యోగులకు అమెరికా గడియారం ప్రకారం రాత్రులు పని. నిద్ర పట్టదు, మెడ పట్టేస్తుంది, మనసు కుదురుగా ఉండదు. వీరి కోసం కొన్నేళ్లుగా ఒక నూనె సీసా మార్కెట్లోకి వచ్చింది. దాని పేరు సి.బి.డి. నూనె. సెల్‌ఫోనులో వైద్యుడితో నాలుగు మాటలు మాట్లాడితే చీటీ వస్తుంది, పార్శిలు ఇంటికే వస్తుంది. బొటనవేలంత సీసా వేల రూపాయలు పలుకుతుంది. దాని మీద ఒక ఆకు బొమ్మ ఉంటుంది. ఆ ఆకును మన జనం చూడగానే గుర్తుపడతారు. అది గంజాయి ఆకు.

అదే గచ్చిబౌలి రోడ్డు మీద గంజాయి సంచితో దొరికిన కుర్రవాడు పోలీసు జీపు ఎక్కుతాడు. ఎక్కినవాడు మళ్లీ ఊరి మొహం చూసేసరికి ఏళ్లు గడుస్తాయి.

‘గా నూనె, గీ గంజాయి ఒకటే చెట్టుదంట గదా! మరి వాండ్లకు మందెట్లయితది, మనోండ్లకు కేసెట్లయితది?’ అని అడ్డాల మీద కూలీలు అడుగుతున్నారు. ప్రశ్న న్యాయమైనది. జవాబు సగం శాస్త్రంలో ఉన్నది, సగం చట్టంలో ఉన్నది. శాస్త్రం చెప్పే సగాన్ని సీసాలు అమ్మేవాళ్లు తమకు కావలసినంత వరకే చెబుతున్నారు. చట్టం చెప్పే సగాన్ని మన జనానికి జైలు గేటు దాకా ఎవరూ చెప్పడం లేదు. అందుకే ఈ వారం ఈ విషయం చేపట్టాము.

కొడవలి, పార – ఒకే ఇనుము

గంజాయి మొక్కలో ఆడ, మగ వేరువేరు. మత్తు ఉండేది ప్రధానంగా ఆడ మొక్క పూతలో. పూత మీద కంటికి ఆనీ ఆనని జిగురు బుడిపెలు ఉంటాయి. ముట్టుకుంటే వేళ్లకు అంటుకునేది ఆ జిగురే. ఆకులో అది తక్కువ, కాడలో లేదన్నంత, గింజ లోపల అసలు ఉండదు. ఈ తేడాను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. ముందుముందు చట్టం దగ్గర ఇది పనికివస్తుంది.

ఆ జిగురులో వందకు పైగా రసాయనాలు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి రెండు: టి.హెచ్.సి., సి.బి.డి. పచ్చి మొక్కలో ఈ రెండింటికీ తల్లి పదార్థం ఒకటే. మొక్కలోని ఒక ఎంజైము ఆ తల్లి పదార్థాన్ని టి.హెచ్.సి. వైపు తిప్పుతుంది, మరొక ఎంజైము సి.బి.డి. వైపు తిప్పుతుంది. ఏది ఎక్కువ తయారు కావాలన్నది ప్రధానంగా విత్తనంలోనే రాసి ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు రెండూ ఆమ్ల రూపంలో ఉంటాయి. వేడి తగిలినప్పుడు అసలు రూపానికి వస్తాయి. చిలుములో కాల్చిన పూతకూ, చెట్టు మీది పచ్చి పూతకూ మత్తులో అంత తేడా ఉండటానికి కారణం ఇదే.

విచిత్రమేమిటంటే, రెండింటి లెక్కా ఒకటే. కార్బన్ అణువులు 21, హైడ్రోజన్ 30, ఆక్సిజన్ 2. బరువు కూడా సమానం. తేడా అంతా ఒక్క ముడిలో ఉన్నది. టి.హెచ్.సి.లో ఒక ఆక్సిజన్ మెలి తిరిగి ముడిపడి ఉంగరంలా మూసుకుంటుంది. సి.బి.డి.లో ఆ ముడి విడిగానే ఉండిపోతుంది. అంత చిన్న తేడాకు ఇంత పెద్ద ఫలితమా అని ఆశ్చర్యపోనక్కరలేదు. కమ్మరి అదే ఇనుముతో కొడవలి కొడతాడు, పార కొడతాడు. ఎత్తు ఇనుము ఒకటే అయినా పారతో వరి కోయలేము కదా!

మన మెదడులో సి.బి.1 అనే గ్రాహకాలు ఉన్నాయి. తాళాల వంటివి. టి.హెచ్.సి. ఆ తాళానికి సరిపోయే దొంగతాళంచెవి. అది తిరిగినప్పుడు గుండె దడ పెరుగుతుంది, కాలం సాగినట్టు అనిపిస్తుంది, ఆకలి పుడుతుంది, జ్ఞాపకం తప్పుతుంది, కొందరికి విపరీతమైన భయం పట్టుకుంటుంది. చిన్న వయసులో మొదలుపెట్టి రోజూ పీల్చేవారికి మతి చలించే జబ్బుల ప్రమాదం ఎక్కువ. అలవాటు వ్యసనంగానూ మారుతుంది. సి.బి.డి. ఆ తాళంలో సరిగా దూరదు. కాబట్టి మత్తు ఎక్కదు. సి.బి.డి. వల్ల వ్యసనం పట్టే లక్షణాలు కనిపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం 2018లో తేల్చింది.

ఇదంతా నిన్నమొన్నటి సంగతి కాదు. సి.బి.డి.ని 1940లో అమెరికాలో రోజర్ ఆడమ్స్ అనే రసాయన శాస్త్రవేత్త వేరుచేశాడు. దాని నిర్మాణాన్ని ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలమ్ 1963లో విప్పి చెప్పాడు. మరుసటి సంవత్సరం గావోనీతో కలిసి టి.హెచ్.సి.ని పట్టుకున్నాడు. 1992లో మన మెదడు తనంతట తాను తయారుచేసుకునే తాళంచెవి ఒకటి బయటపడితే, దానికి ‘ఆనందమైడ్’ అని మన ‘ఆనందం’ మాటతోనే పేరు పెట్టారు. మన మాట వాళ్ల ప్రయోగశాలకు చేరింది. మన మొక్క మాత్రం మన పోలీసు స్టేషన్లకు చేరింది.

సీసా చెప్పని సంగతులు

సి.బి.డి. మందు కాదా అంటే, మందే. మూర్ఛల్లో లెనాక్స్-గస్టో, డ్రావే అనే రెండు మొండి రకాలు పసిపిల్లలను పట్టి పీడిస్తాయి. మామూలు మందులకు లొంగవు. వాటికి శుద్ధమైన సి.బి.డి.తో తయారుచేసిన ఎపిడయోలెక్స్ అనే మందును అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ 2018 జూన్‌లో అనుమతించింది. పరీక్షలు జరిగాయి, రుజువులు దొరికాయి. దీన్ని కాదనడం మూర్ఖత్వం.

అయితే మోతాదు చూడండి. ఆ మందును పిల్లవాడి బరువు కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 10కి, అవసరమైతే 20కి పెంచుతారు. అంటే 20 కిలోల పిల్లవాడికి కిలోకు 10 చొప్పున రోజుకు 200 మిల్లీగ్రాములు. ఈ లెక్కను మార్కెట్లోని సీసాతో పోల్చండి. ఒక సీసా మొత్తంలో కొన్ని వందల మిల్లీగ్రాములు మాత్రమే ఉన్నవి ఎన్నో అమ్ముతున్నారు. నాలుక కింద రెండు చుక్కలు వేసుకుని మూర్ఛ పోతుందనుకోవడం చెరువుకు చెంబుతో నీళ్లు పెట్టడమే. ఇక నిద్రకు, నడుం నొప్పికి, షుగరుకు, చివరికి క్యాన్సరుకు కూడా పనిచేస్తుందని చెప్పే మాటలకు మూర్ఛకు దొరికినటువంటి గట్టి రుజువులు లేవు. పైగా పెద్ద మోతాదులో అది కాలేయాన్ని ఇబ్బంది పెడుతుంది, మగత తెస్తుంది, రక్తం పలుచబరిచే వార్ఫరిన్ వంటి మందుల పనిని అటూఇటూ చేస్తుంది. మత్తు లేనిదంతా నిరపాయం అనుకోరాదు.

మన దేశంలో అమ్మే ఇటువంటి నూనెలు ఎక్కువగా ఆయుర్వేద లైసెన్సు మీద వస్తున్నాయి. ఆయుర్వేదంలో ఈ మొక్క పేరు విజయ. ఔషధ నిబంధనల్లో విష పదార్థాల జాబితా ఒకటి ఉన్నది, షెడ్యూల్ ఇ-1 అంటారు. గంజాయి మొక్క, గింజ మినహా, ఆ జాబితాలో ఉన్నది. అంటే వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలని సీసా మీద హెచ్చరిక ఉండాలి. కంపెనీలు ‘ఆకు నుంచి తీసినది’ అని పెద్ద అక్షరాలతో రాసుకుంటాయి. ఎందుకలా రాస్తారో చట్టం దగ్గరికి వెళ్లినప్పుడు తెలుస్తుంది. ఆకును మొత్తంగా పిండి తీసిన రసంలో సి.బి.డి. ఒక్కటే రాదు, టి.హెచ్.సి. కూడా వస్తుంది. కొన్ని సీసాల మీద ఆ సంగతి చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. మూత్ర పరీక్షలో పోలీసులు వెదికేది టి.హెచ్.సి. జాడను. సి.బి.డి. నూనె అని నమ్మి తాగినవాడు ఆ పరీక్షలో దొరికిపోవచ్చు.

గింజల నూనె మరొక రకం. కిరాణా సామాను అమ్మేచోట కనిపించే ‘హెంప్ సీడ్ ఆయిల్’ ఇదే. 2021 నవంబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ గంజాయి గింజను ఆహారంగా అనుమతించింది. గింజల నూనెలో టి.హెచ్.సి. కిలోకు 5 మిల్లీగ్రాములు మించరాదనీ, గింజల ఆహారంలో సి.బి.డి. కిలోకు 75 మిల్లీగ్రాములు మించరాదనీ హద్దు పెట్టింది. నువ్వుల నూనెలాగా అదొక తిండి నూనె. మూర్ఛ పిల్లవాడికి ఒక్కరోజుకు కావలసిన 200 మిల్లీగ్రాముల సి.బి.డి. కోసం ఆ నూనె రెండున్నర కిలోలకు పైగా తాగించాలన్నమాట! దానినే మందు పేరుతో నాలుగింతల ధరకు అంటగడుతుంటే అడిగే నాథుడు లేడు.

ఇవి ఉద్యోగుల సీసాలు. కూలీల పొట్లాల సంగతి వేరు. రోజంతా ఇటుకలు మోసి ఒళ్లు హూనమైన కార్మికుల బస్తీల్లోకి ‘ఆయుర్వేద’ పేరుతోనే మునక్కా బిళ్లలు, చాక్లెట్లు వస్తున్నాయి. 2024 జనవరిలో హైదరాబాదు పక్కనే ఉన్న కొత్తూరులో బడిపిల్లల చేతికి గంజాయి చాక్లెట్లు చేరిన వ్యవహారం బయటపడింది. ఇటువంటి బిళ్లల్లో ఉండేది సి.బి.డి. కాదు, మత్తెక్కించే టి.హెచ్.సి.యే. తింటే పీల్చినప్పటిలా వెంటనే ఎక్కదు, గంటా రెండు గంటలు పడుతుంది. ఇంకా ఎక్కలేదేమిటని మరొకటి, మరొకటి తిన్నవాడు ఆసుపత్రి పాలవుతాడు. ఆయుర్వేదం అనే మాట కాగితం మీద ఉన్నంత మాత్రాన టి.హెచ్.సి. లేకుండా పోదు. తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి.

చట్టం చూసేది తక్కెడ ముల్లును

ఇక చట్టం. ఎన్.డి.పి.ఎస్. అని పిలిచే మాదకద్రవ్యాల చట్టం 1985 నవంబరు 14న అమలులోకి వచ్చింది. అంతకుముందు తెల్లదొరలు గంజాయి మీద పన్ను వేసి ఖజానా నింపుకున్నారు. 1893-94లో వాళ్లే ఒక కమిషన్ వేశారు. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదు, పూర్తిగా నిషేధించనక్కరలేదు అని అది ఏడు సంపుటాల్లో రాసింది. తర్వాత 1961లో అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది. దానికి తలొగ్గి మన పాలకులు 1985 చట్టం తెచ్చారు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ 27-25 ఓట్ల తేడాతో గంజాయిని అత్యంత ప్రమాదకర పదార్థాల పట్టీలోంచి తీసేసింది. మన దేశం తీసేయాలనే ఓటు వేసింది. అక్కడ ఓటు అలా వేసినా, ఇక్కడి జైళ్లలో దాని గాలి సోకలేదు.

ఈ చట్టంలో ‘గంజాయి’ అంటే మొక్క పూత, కాయలున్న కొసలు. పూతతో కలిసి లేనప్పుడు ఆకూ గింజా గంజాయి కిందికి రావు. భంగు మిగిలింది ఈ సందులోనే. కంపెనీలు ‘ఆకు నుంచి తీశాము’ అని రాసుకునేదీ ఈ సందు చూసుకునే. టి.హెచ్.సి.ని మత్తు పదార్థాల పట్టికలో పేరుపెట్టి చేర్చారు. సి.బి.డి. పేరు అందులో లేదు. అయినా పూత నుంచి సి.బి.డి. తీయాలంటే ముందు చేతిలో పూత ఉండాలి, అంటే గంజాయి ఉండాలి. లైసెన్సు లేనివాడికి అక్కడే నేరం పూర్తయిపోతుంది.

గంజాయి కేసులో శిక్షను తేల్చేది రసాయనం కాదు, తూకం. కిలో వరకు చిన్న మొత్తం. ఏడాది వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం. పదేళ్లకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల వరకు కఠిన శిక్ష, లక్షకు తగ్గని జరిమానా. ఈ రెండింటి మధ్య దొరికితే పదేళ్ల వరకు. సాగు చేసినా పదేళ్ల వరకే. సంచిలోని సరుకులో టి.హెచ్.సి. ఎంత శాతం, సి.బి.డి. ఎంత శాతం అని చట్టం అడగదు. చురుకైన పూత అయినా, నిస్సారమైన ఎండు పూత అయినా ఒకే తక్కెడ.

వాణిజ్య మొత్తం అంటే పెద్ద వ్యాపారి గుర్తుకొస్తాడు. కాని 20 కిలోలంటే ఒక్క మనిషి మోసే బరువు. మన ఆడకూతుళ్లు కలుపు కోసి నెత్తిన పెట్టుకొచ్చే గడ్డిమోపు అంతకంటే బరువుంటుంది. ఆ బరువు దాటితే 37వ సెక్షన్ అడ్డం పడుతుంది. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన ఆధారం ఉన్నదని జడ్జికి అనిపిస్తేనే బెయిలు. మామూలు కేసుల్లో చార్జిషీటుకు గరిష్ఠంగా 90 రోజుల గడువైతే ఇక్కడ 180 రోజులు. విచారణే శిక్షగా మారేది ఇలాగే.

ఎవరు మోస్తున్నారు, ఎవరు తింటున్నారు

హైదరాబాదులో దొరికే గంజాయిలో పెద్ద భాగం ఆంధ్ర-ఒరిస్సా సరిహద్దు కొండల నుంచి వస్తున్నది. జి.మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు, చింతపల్లి, గూడెం కొత్తవీధి: ఇవి కేసుల కాగితాల్లో ఏళ్ల తరబడి కనిపించిన మండలాలు. అక్కడి ‘శీలావతి’ రకానికి దేశమంతా గిరాకీ. 1/70 చట్టం వల్ల బయటి వ్యాపారి మన్యంలో భూమి కొనలేడు. అతనికి కొనవలసిన అవసరమూ లేదు. విత్తనం, అడ్వాన్సు ఇస్తే చాలు. భూమి గిరిజనుడిది, చాకిరీ గిరిజనుడిది, కేసూ గిరిజనుడిది. సరుకు మాత్రం వ్యాపారిది. కాఫీ మొక్క కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్లు ఆగాలి. పసుపుకు సంతలో దళారీ చెప్పిందే ధర. ఇంట్లో జ్వరం పడ్డ మనిషిని డోలీ కట్టి మోసుకుపోవలసిన ఊళ్లకు, ఆరునెలల్లో చేతిలో డబ్బు పెట్టే పంట వస్తే వద్దనగలిగిన వాళ్లెందరు?

2021 అక్టోబరు ఆఖరు నుంచి ఆంధ్ర పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో విశాఖ మన్యంలో వేల ఎకరాల గంజాయి నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల సరుకును కుప్పలు పోసి కాల్చారు. ఆ మంటల ఫోటోలు పత్రికలన్నింటిలో వచ్చాయి. పెట్టుబడి పెట్టినవాడి ఫోటో మేము వెతికినా కనబడలేదు. సాగు తగ్గిన మాట నిజం. గిరిజనులకు కాఫీ, మిరియం మొక్కలు పంచిన మాటా నిజం. కాని తోట నరికించడం ఒక్క రోజు పని, ప్రత్యామ్నాయ పంటకు ధర నిలబెట్టడం ఏళ్ల పని. మొదటిదానికి చూపిన ఉత్సాహం రెండోదానికి లేదు.

ఇటు సైబరాబాదు వైపు చూడండి. తెలంగాణలో మాదకద్రవ్యాల నిరోధక విభాగం 2025 జూన్‌లో ‘ఈగల్’ అని పేరు మార్చుకున్నది. ఆ జూలైలోనే గచ్చిబౌలిలో మారువేషంలో కాపుకాసి, గంజాయి కొనడానికి వచ్చిన పద్నాలుగు మందిని పట్టుకున్నది. అందులో ఐ.టి. ఉద్యోగులూ ఉన్నారు. వారిని బాధితులుగా చూసి, వ్యసనం మాన్పించే కేంద్రానికి పంపారు. దీన్ని మేము తప్పు పట్టడం లేదు. వ్యసనం జబ్బే. చికిత్సకు ముందుకు వచ్చినవాడిని కేసు నుంచి తప్పించే 64-ఎ సెక్షన్ చట్టంలోనే ఉన్నది. కాని అదే దయలో ఒక పాలు సంచి మోసినవాడికి ఎందుకు అందదు? అతనిది వ్యసనం కాదు, ఆకలి. ఆకలికి చట్టంలో సెక్షన్ లేదు.

సుప్రీంకోర్టు ఈ సంగతిని కొంతవరకు పట్టించుకున్నది. 2023 మార్చిలో మహమ్మద్ ముస్లిం కేసులో, గంజాయి కేసులోనే, ఏడేళ్లకు పైగా విచారణ ఖైదీగా మగ్గినవాడికి బెయిలు ఇచ్చింది. విచారణ మితిమీరి ఆలస్యమైతే 37వ సెక్షన్ ఉన్నా బెయిలు ఇవ్వవచ్చని చెప్పింది. జైలు దెబ్బ అందరికంటే నిరుపేద కుటుంబాల మీదే ఎక్కువ పడుతుందనీ ఆ తీర్పు గుర్తించింది. ఈ తీర్పు పేరు మన కార్యకర్తల డైరీల్లో ఉండాలి. మన్యం నుంచి వచ్చిన ఖైదీ తరఫున వాదించే లాయరుకు గుర్తుచేయాలి.

‘హెంప్’ అంటే జనుము కాదు

మరొక ప్రమాదం రైతుల గుమ్మం దాకా వస్తున్నది. ‘హెంప్ సాగు చట్టబద్ధం, ఎకరానికి లక్షలు, విత్తనం మేమిస్తాం, పంట మేమే కొంటాం’ అనే రకం మాటలు సెల్‌ఫోన్ల ద్వారా పల్లెలకు చేరుతున్నాయి. మన రైతుకు నార పంటలు తెలియనివి కావు. పొలానికి బలమని జనుము చల్లుతాడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగు పండించి మిల్లులకు నార తోలిన రోజులున్నాయి. అవి వేరే మొక్కలు. గోగు మన గోంగూరకు చుట్టం. ఈ హెంప్ మాత్రం అచ్చంగా గంజాయి జాతే. టి.హెచ్.సి. తక్కువగా ఉండేలా ఎంపికచేసిన రకాలకు ఆ పేరు పెట్టారు, అంతే. చూపుకు తేడా తెలియదు. పోలీసుకూ తెలియదు. లాబులో పరీక్ష చేస్తేనే తేలుతుంది. చుట్టుపక్కల మత్తు గంజాయి పుప్పొడి వచ్చి పడితే తర్వాతి విత్తనం గుణమే మారిపోతుంది.

నార కోసం, గింజ కోసం ఈ మొక్కను పండించుకోనిచ్చే అధికారం చట్టంలోని 14వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. ఉత్తరాఖండ్ ప్రభుత్వం 0.3 శాతం హద్దు పెట్టి 2018లో లైసెన్సు ఇవ్వడం మొదలుపెట్టింది. అది ఆ రాష్ట్రం సంగతి. అక్కడి కాగితం జెరాక్సు చూపించి ఇక్కడ విత్తనం అమ్మేవాడిని నమ్మరాదు. మన ప్రభుత్వం జారీచేసిన ఉత్తర్వు, మన సర్వే నెంబరు మీద మన పేరున ఉన్న లైసెన్సు కంటితో చూడనిదే ఒక్క గింజ నాటినా అది గంజాయి సాగు. ఒప్పందం మీద సంతకం పెట్టిన కంపెనీ పెద్దమనిషి ఏ నగరంలోనో ఉంటాడు. చేనులో ఉండేది రైతు, కలుపు తీస్తూ ఉండేది కూలీ.

లైసెన్సు ఉన్న చోటా రైతు బాగుపడ్డాడా? అమెరికాలో 2018 ఆఖరున హెంప్ సాగును చట్టబద్ధం చేశారు. సి.బి.డి.కి బంగారం ధర అన్నారు. మరుసటి ఏడే లైసెన్సు విస్తీర్ణం ఎన్నో రెట్లు పెరిగి ఐదు లక్షల ఎకరాలు దాటింది. సరుకు గుట్టలు పడింది, ధర కుప్పకూలింది. కెంటకీలో జెన్‌కన్నా అనే పెద్ద కంపెనీ 2020లో దివాలా తీసింది, పంట పోసిన రైతులు బాకీల కోసం కోర్టుల చుట్టూ తిరిగారు. మన పత్తి రైతుకు, మిరప రైతుకు ఈ కథ కొత్తది కాదు. ఊరి పేరు ఒక్కటే కొత్త.

అడ్డా మీద, చెక్‌పోస్టు దగ్గర

కొన్ని సంగతులు కూలీలకు సూటిగా చెప్పాలి. ‘ఈ సంచి ఫలానా చోట ఇచ్చెయ్యి, రెండు వేలిస్తా’ అంటే వద్దనాలి. లోపల ఏముందో నాకు తెలియదంటే చట్టం ఒప్పుకోదు. దగ్గర దొరికితే తెలిసే ఉంచుకున్నాడని ముందుగానే అనుకుంటుంది. తెలియదని రుజువు చేసుకోవలసిన భారం కూలీ మీదనే పడుతుంది. ఆటో నడిపే సోదరులు కూడా జాగ్రత్త పడాలి. తనకు తెలియదని యజమాని రుజువు చేసుకోలేకపోతే బండి సర్కారు పాలవుతుంది. ఒంటి మీద సోదా చేసేటప్పుడు గెజిటెడ్ అధికారి ముందుగాని, మేజిస్ట్రేటు ముందుగాని చేయమని కోరే హక్కు 50వ సెక్షన్ కింద ఉన్నది. ఆ హక్కు ఉన్నదని పోలీసులే ముందు చెప్పాలి. చేతిలోని సంచి సోదాకు ఇది వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి దీని మీద అతి నమ్మకం పెట్టుకోరాదు. తెల్లకాగితం మీద సంతకం గాని వేలిముద్ర గాని వేయరాదు. పోలీసుల ముందు చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు.

కస్టడీలో ఉన్న ఎవరికైనా, షెడ్యూల్డు కులాలు, తెగలవారికీ, స్త్రీలకూ ఉచిత న్యాయ సహాయం చట్టప్రకారం హక్కు. 15100కు ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థతో కలుపుతారు. మత్తు అలవాటు మాన్పించడానికి 14446 ఉన్నది. ఫోన్ చేసినవారి మీద కేసు పెట్టరు.

లాయరు వచ్చాక మొదట చదివించవలసింది పంచనామా. సరుకును పూత వేరు, కాడలు, వేళ్లు వేరు చేసి తూచారా, లేక మొక్కలను మట్టితో సహా కట్టకట్టి తూచారా? పచ్చిదా, ఎండినదా? నమూనాలు మేజిస్ట్రేటు సమక్షంలో తీశారా? మొదట చెప్పుకున్న శాస్త్రం ఇక్కడే పనికివస్తుంది. మత్తు పూతలో ఉంటుంది, కాడలో ఉండదు. చట్టంలోని నిర్వచనం కూడా పూతకే కట్టుబడి ఉన్నది. పూతకు అంటుకుని ఉన్న ఆకు లెక్కలోకి రావచ్చు, కాండం రాదు. తక్కెడ మీద 22 కిలోలు చూపిన మూటలో కాడలు, వేళ్లు ఐదు కిలోలు ఉంటే గంజాయి 17 కిలోలే. 17 అయితే అది వాణిజ్య మొత్తం కాదు. 37వ సెక్షన్ అడ్డురాదు, జడ్జి మామూలు పద్ధతిలో బెయిలు దరఖాస్తు వినవచ్చు. తూకం వేసిన రోజునే ఈ తేడా కాగితం మీదికి ఎక్కకపోతే, తర్వాత ఎక్కించడం చాలా కష్టం.